పెద్దింటి కుక్కపిల్ల

పోయిన వారం మా ఇంట్లో తగువు గురించి రాస్తూ మధ్యలో ఆపాను. చదవనివాళ్ళ కోసం నాలుగు ముక్కల్లో చెప్తాను. నేను దేవకుమారిని, పులివెందులలో మిషన్ బడి టీచర్ని. మా ఆయన ప్రభాకర్ బస్సు కండక్టరు. నిరుడు మే నెలలో, ముద్దనూరు దాటాక, ఆయన బస్సుకు జీపు అడ్డంపెట్టి నూరుల్లా అనే మనిషిని కిందికి లాగి చంపారు. నూరుల్లా చేసిన తప్పల్లా ఎలక్షన్లలో ఎదుటి పార్టీకి ఏజెంటుగా కూర్చోవడమే. బస్సులో నలభైమంది ఉన్నారు. పోలీసుల ముందు నోరు తెరిచింది మా ఆయన ఒక్కడే. చంపినవాళ్ళలో ఇద్దరు ఆ బస్సులోనే టికెట్టు కొని ఎక్కారు, ఆ ముఖాలు తనకు గుర్తున్నాయని చెప్పాడు. వచ్చే సోమవారం ప్రొద్దుటూరు కోర్టులో అదే మాట జడ్జి ముందు చెప్పాలి. ఈలోగా ఇంటికి కాపలాగా ఒక కుక్కను తెచ్చుకోవాలనుకున్నాం. ఆయన పెద్దజాతి అంటాడు, నేను చిన్నజాతి అంటాను.

నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. హత్యకేసు సాక్షి ఇంట్లో మొగుడూ పెళ్ళాం కుక్క సైజు గురించి వారం రోజులు కొట్లాడుకున్నారంటే ఎవరికైనా నవ్వే వస్తుంది. భయమేస్తోందని ఒకరికొకరు చెప్పుకోలేక మేము దాని మీద పడ్డాం.

ప్రొద్దుటూరులో అల్లాబక్ష్ అనే ఆయన జాతికుక్కల్ని పెంచి అమ్ముతాడు. ఆయన దగ్గర తెల్లబొచ్చు పామరేనియన్ పిల్లలు రెండు, ఆల్సేషన్ పిల్ల ఒకటి ఉన్నాయని ప్రభాకరే వచ్చి చెప్పాడు.

“పామరేనియన్ అంటే పెరిగినా పిల్లి అంత ఉంటది దేవీ. దాన్ని చూసి ఎవరు జడుస్తారు? కాలితో తంతే అంత దూరం పడతది,” అన్నాడు.

“జడిపిచ్చేదానికి కాదు, మనల్ని లేపేదానికి కావాల. ఆకు కదిలినా అరుస్తది అది. మనం లేస్తాం, వెనక తలుపు తీసుకొని పక్కింట్లో దూరతాం. చాలదా?”

“పెద్దది ఉంటే అసలు లోపలికే రారు.”

“పెద్దది బయట పండుకుంటది. గొడవ చెయ్యాలనుకున్నోళ్ళు ముందు దానికి మందుపెట్టిన మాంసం ముక్క ఏస్తారు. ఈ ఊర్లోనే పుట్టినారు, మీకు నేను చెప్పాల్నా? చిన్నదైతే మంచం కింద ఉంటది. మన చేత్తో పెడితేనే తింటది.”

అది నేను కల్పించి చెప్పింది కాదు. మా వైపు ఏ ఊళ్ళో గొడవ జరిగినా ముందు చచ్చేవి కుక్కలే. తెల్లారేసరికి వీధిలో రెండు కుక్కలు కాళ్ళు చాపుకుని పడి ఉంటే ఆ రోజు పిల్లల్ని బడికి పంపరు. ప్రభాకర్‌కు ఇవన్నీ తెలుసు. అయినా ఒప్పుకోడు. ఈ ఎండకు ఆ బొచ్చుకుక్క బతకదన్నాడు. ఆల్సేషన్‌కు మాత్రం బొచ్చు లేదా అన్నాను. చిన్నజాతివి ఊరికే జబ్బు పడతాయన్నాడు. రెండు గదుల అద్దె ఇంట్లో దూడంత కుక్కను యాడ కట్టేస్తారు, నా తలకాయ మీదనా అన్నాను. ఆ మాట వినగానే చొక్కా తగిలించుకుని డ్యూటీకి వెళ్ళిపోయాడు.

మా అత్త సుశీలమ్మది మూడో దారి. “కుక్కా వద్దు, గిక్కా వద్దు. మోకాళ్ళ మీద కూచొని ప్రార్థన చేసుకోండి ఇద్దరూ,” అంటుంది. కొడుకు బస్సు దిగి ఇంటికి వచ్చేదాకా ఆమె మెతుకు ముట్టదు, అది వేరే సంగతి.

చివరికి నేనే అన్నాను, అల్లాబక్ష్ దగ్గరికి నేనే పోయి చిన్నది తెచ్చుకుంటానని. “రెండు రోజులు ఆగు,” అన్నాడు ప్రభాకర్. ఎందుకు ఆగాలో చెప్పలేదు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

బుధవారం ఒంటిపూట బడి అయ్యాక ఎండలో పడి ఇంటికి వచ్చేసరికి వాకిట్లో జీపు ఉంది. అది ఎవరి జీపో పులివెందులలో చంటిపిల్లలకు కూడా తెలుసు.  చెప్పులు విడవకుండానే లోపలికి పోయాను.

మా ఇంట్లో ఉన్న ఒక్క కుర్చీలో సుబ్బరత్నమ్మ కూర్చుని ఉంది. ఊళ్ళో పార్టీ నడిపే పెద్దింటాయన భార్య. నూరుల్లాను చంపింది ఆ ఇంటి మనుషులే, కేసులో రెండో ముద్దాయి ఆమె సొంత తమ్ముడు. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. జమ్మలమడుగు హాస్టల్లో ఆమె, నేను ఆరేళ్ళు ఒకే గదిలో ఉన్నాం. ఆమెకు లెక్కలు వచ్చేవి కావు, పరీక్షల ముందు నేను చెప్పేదాన్ని. నాకు విషజ్వరం వస్తే పదిరోజులు నేను తిన్న పళ్ళెం ఆమె కడిగింది. మా కులమేమిటో, ఆమె కులమేమిటో తెలిసినవాళ్ళకు అది ఎంత పెద్ద మాటో అర్థమవుతుంది. వాళ్ళ ఇంట్లో తెలిస్తే ఆ రోజే చదువు మాన్పించేవాళ్ళు.

“ఎండలో వస్తాండావే దేవీ. గొడుగు పట్టుకోకూడదా,” అంది.

ఆమె కాళ్ళ దగ్గర వెదురు గంప ఉంది. గంపలో ఆల్సేషన్ పిల్ల. నలభై రోజులది ఉంటుందేమో, అప్పుడే పాదాలు నా పిడికిలి అంత ఉన్నాయి. మెడకు ఎర్ర తోలుపట్టీ. నేను కుక్కపిల్లను కాదు, ఆ పట్టీనే చూశాను.

బయటి ఊరివాళ్ళకు చెప్పాలి కాబట్టి చెప్తాను. పెద్దింట్లో బెంగుళూరు నుంచి తెచ్చిన రాణి అనే కుక్క ఉంది. అది పిల్లల్ని పెట్టినప్పుడల్లా వాటిని తమ పార్టీ ఇళ్ళకు పంచుతారు. అన్నిటికీ అదే ఎర్రపట్టీ. ఏ వాకిట్లో ఆ కుక్క పడుకుని ఉంటే అది వాళ్ళ ఇల్లు. ఎవరూ దాని జోలికి పోరు, ఆ ఇంటివాళ్ళు కూడా పెద్దింటి జోలికి పోరు. తీసుకున్న పిల్లను తిరిగి పంపినవాళ్ళు ఇంతవరకూ ఒక్కరే ఉన్నారు. వాళ్ళ ఇల్లు ఇప్పుడు పాడుబడి ఉంది.

“ఇది ఏంది సుబ్బరత్నా?” అన్నాను.

“రాణి పెట్టిన ఐదింటిలో ఇదే బలమైంది. మీకని ఎత్తిపెట్టినా.”

“మేము ప్రొద్దుటూరు నుంచి చిన్నది తెచ్చుకుంటాండాం.”

“అది ఏం చేస్తది, ఒళ్ళో కూచుంటది. ఇది మీ వాకిట్లో ఉంటే మావోళ్ళు ఒక్కడంటే ఒక్కడు ఈ గడప తొక్కడు. నేను చెప్తాండా కదా.”

“మరి సోమవారం?”

“సోమవారం మీ ఆయన కోర్టుకు పోతాడు. టికెట్లు ఇచ్చేటప్పుడు తల ఎత్తి చూడలేదు, మొగాలు గుర్తులేవు అంటాడు. అంతే. రోజుకు ఎంతమంది ఎక్కుతారు, ఎంతమంది దిగుతారు. ఎవరైనా నమ్ముతారు.”

“నూరుల్లా పెండ్లాము మొగం ఎట్ల చూడాల నేను?”

 ఆమె చీర కొంగుతో మెడ తుడుచుకుంది.

“నా తమ్ముని మొగం నేను చూడాల కదా దేవీ. ఇరవై మూడేండ్లు వానికి. అమ్మ పోతే నేనే సాకినా. వాడు చెయ్యి ఎత్తలేదని నేను నీతో అబద్ధం చెప్పను. ఎత్తినాడు. మా ఇంటాయన ఎత్తమన్నాడు, వాడు ఎత్తినాడు. మా ఇండ్లల్లో మగపిల్లోళ్ళను అడిగి పంపుతారనుకున్నావా?”

ఆమె బెదిరించి ఉంటే నేను తట్టుకునేదాన్ని. ఈ మాట మాత్రం తట్టుకోలేకపోయాను. అయినా గంప ఎత్తి ఆమె ముందు పెట్టాను.

“తీసుకపో. మేము అడగలేదు దీన్ని.”

సుబ్బరత్నమ్మ నన్ను దాటి లోపలి గుమ్మం వైపు చూసింది. అక్కడ ప్రభాకర్ తల దించుకుని నిలబడి ఉన్నాడు. ఆ రోజు ఆయనకు డ్యూటీ లేదన్న సంగతే నేను మర్చిపోయాను.

“ఏమప్పా ప్రభాకరా, చెప్పలేదా ఈయమ్మకు?” అంది సుబ్బరత్నమ్మ.

ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆమే నాకు చెప్పింది.

“తొమ్మిది రోజులైంది దేవీ, ఈయన మా ఇంటికొచ్చి. వెనక వాకిలి నుంచి వచ్చినాడు. నా కాళ్ళ మీద పడబోతే నేనే ఒద్దన్నా. మీ కుక్కపిల్ల ఒకటి ఇప్పించక్కా అన్నాడు.”

ఇదీ సంగతి. అల్లాబక్ష్ దగ్గర ఆల్సేషన్ పిల్ల లేనే లేదు. పెద్దకుక్క వస్తే నేను ఎక్కడిదని అడక్కుండా ఉండటానికి వారం రోజులుగా నన్ను తయారుచేస్తున్నాడు. నేనేమో పిచ్చిదాన్ని, బొచ్చు గురించి, మాంసం గురించి, మంచం కింద చోటు గురించి వాదించాను.

సుబ్బరత్నమ్మ లేచింది. గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చి, నా చెవి దగ్గర నెమ్మదిగా చెప్పింది. “ఆయన్ను తిట్టొద్దు. ఆయన వచ్చింది ఆయన పానం కోసం కాదు. ఆ పొద్దు బస్సులో డ్రైవరు వెనక సీట్లో ఎవరు కూచోనుండారో మా తమ్ముడు చూసినాడు. పోలీసోళ్ళకు తెలీదు. మాకు తెలుసు.”

జీపు వెళ్ళిపోయింది. గంప మాత్రం మా ఇంట్లోనే ఉంది.

చదువుతున్న మీకు కూడా ఇంతకాలం చెప్పలేదు నేను. చెప్పే ధైర్యం లేక దాచాను. ఆ రోజు డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నది నేనే. కళ్ళ డాక్టరుకు చూపించుకుందామని జమ్మలమడుగు పోతున్నాను. ప్రభాకర్ బస్సులో వెనకవైపు టికెట్లు కొడుతున్నాడు. ఎక్కినవాళ్ళ ముఖాలే చూశాడు తప్ప కింద జరిగింది ఆయన చూడలేదు. నేను చూశాను. ముందు అద్దంలోంచి మొత్తం చూశాను. సుబ్బరత్నమ్మ తమ్ముడి చేతిలో ఏముందో, అది ఎన్నిసార్లు లేచిందో, నూరుల్లా ఎవరిని పిలిచాడో నాకు తెలుసు. పోలీసులు వచ్చేలోగా ప్రభాకర్ నన్ను దించి, ఎదురొచ్చిన లారీలో ఎక్కించి ఇంటికి పంపేశాడు. నా పేరు ఎక్కడా చెప్పలేదు. పదకొండు నెలలు ఆ సంగతి మేమిద్దరమే మోశాం.

“నా మీద పడితే పడనీ అనుకున్నా దేవీ,” అన్నాడు ప్రభాకర్. గోడకు ఆనుకుని కూర్చున్నాడు. “నేను సాక్షిగా పోతే నన్ను సంపుతారు, సంపనీ. నిన్ను చూసినారని వాళ్ళ మనిషి వచ్చి చెప్పినంక నాకు నిద్ర పట్టలేదు.”

“నన్ను ఒక్క మాట అడిగినారా?”

“అడిగితే ఒద్దంటావు.”

“అందుకని అడగలేదా?”

ఆయన ఏడ్చాడు. పెళ్ళయిన పద్నాలుగేళ్ళలో ఆయన ఏడవగా చూడలేదు. నాకు ఒళ్ళు మండిపోతోంది, ఆయన తల మీద చెయ్యి వెయ్యాలనీ ఉంది. రెండూ చెయ్యలేదు. మా అత్త ఇవేవీ పట్టనట్టు కుక్కపిల్లను గంపలోంచి తీసి, సొట్టగిన్నెలో పాలు పోసి ముందు పెట్టింది. “పాపం, అదేం జేసింది, నోరులేనిది,” అంది. అది తోక ఊపుతూ గతకసాగింది.

ఇక్కడ నిజం చెప్పి తీరాలి. దాన్ని చూస్తుంటే నాకు కోపంతోపాటు హాయిగా కూడా అనిపించింది. ఇంక ఎవరూ రారు, తలుపు గడియ మాటిమాటికీ చూసుకోనక్కర్లేదు, ఆయన డ్యూటీ నుంచి ఇంటికి వస్తాడు అనుకున్నాను. ఆ క్షణాన సుబ్బరత్నమ్మ మీద నాకు కృతజ్ఞత కలిగింది. సిగ్గుగానే ఉంది రాయడానికి.

అంతలో వాకిట్లో ఎవరో దగ్గారు. మాబున్ని. నూరుల్లా భార్య, కేసులో ఆమె కూడా సాక్షే. పాత బురఖా మీద మట్టి, చంకలో గుడ్డ కప్పిన గంప. ఏదైనా అమ్ముకోవడానికి వచ్చిందేమో అనుకున్నాను. ఆమె నన్ను చూడలేదు. పాలు తాగుతున్న కుక్కపిల్లనూ, దాని మెడలో పట్టీనీ చూస్తోంది.

“మీకు గూడ వచ్చిందా టీచరక్కా,” అంది.

గంప కింద పెట్టి గుడ్డ తీసింది. అదే వయసు, అవే పాదాలు, అదే ఎర్రపట్టీ.

“పొద్దన్నే మనిషితో పంపినారు. మా ఇంట్లోకి కుక్క పనికిరాదని వాళ్ళకు తెలీదా అక్కా. ఆయన నమాజు చేసుకున్న చోట దించిపోయినారు. మా అత్త ఖాతూన్‌బీ పెట్టుకో అంటాది. కొడుకు ఎట్లా రాడు, ఉన్నోళ్ళమన్నా బతకల్ల అంటాది. నాకేం తోచలేదు. నేను చదువుకోలేదు. మీరు ఏం జేస్తే అదే జేద్దామని అడిగేదానికి వచ్చినా.”

 ఆమె మళ్ళీ పాలగిన్నె వైపు చూసింది.

“మీరు పెట్టుకున్నారు కదా. సరే. నేనూ పెట్టుకుంటా. సోమవారం నాకేం తెలీదంటా.”

కోపంతో కూడా అనలేదు. అదే నన్ను లేపింది. పాలు తాగుతున్నదాన్ని తాగుతున్నట్టే ఎత్తి మాబున్ని గంపలో రెండోదాని పక్కన పెట్టాను. “దేవీ,” అన్నాడు ప్రభాకర్.  మా అత్త గోడవైపు తిరిగి ప్రార్థన మొదలుపెట్టింది.

గంపను చెరో పక్క పట్టుకుని మేమిద్దరం నడిచాం. మిట్టమధ్యాహ్నం కావడంతో వీధిలో మనుషులు తక్కువే, కానీ కిటికీలు తెరుచుకోవడం వినిపించింది. రెండు పిల్లలూ బరువున్నాయి. రెండుసార్లు దించి చెయ్యి మార్చుకున్నాం.

పెద్దింటి వరండాలో మగవాళ్ళు నలుగురు పేకాడుతున్నారు. మమ్మల్ని చూసి ముక్కలు కింద పెట్టేశారు. సుబ్బరత్నమ్మ బయటికి వచ్చింది. అన్నం కలిపిన చెయ్యి అలాగే ఉంది. గంప మెట్టు మీద పెట్టాను.

“మాబున్ని తెస్తే నాకు అర్థమయ్యేది. నువ్వు తెచ్చినావు,” అంది.

“నేనే తెచ్చినా.”

“నా చేతిలో ఉన్నింది ఇది ఒక్కటే దేవీ. ఇంక నేను ఆపలేను. నీకు తెలుసా?”

“తెలుసు,” అన్నాను. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నా కళ్ళలోనూ తిరిగాయి. ఆ మగవాళ్ళ ముందు తుడుచుకోవడం ఇష్టంలేక వెనక్కి తిరిగాను.

మా సందు దగ్గర నేను ఇంటివైపు మళ్ళలేదు. నేరుగా బస్టాండు దారి పట్టాను. మాబున్ని వెనకే వచ్చింది.

“యాడికి అక్కా?”

“ప్రొద్దుటూరుకు. ప్రభుత్వ వకీలు ఇంటికి. ఆ రోజు నేను చూసింది చెప్పేదానికి.”

ఆమె నడిరోడ్డు మీద ఆగిపోయింది. “మీరు చూసినారా?”

“ఆ బస్సులోనే ఉన్నా.”

“ఆయన కిందపడేటప్పుడు?”

“అప్పుడూ.”

“పదకొండు నెలలు,” అంది మాబున్ని. “పండక్కి మా ఇంటికొచ్చి నా చెయ్యి పట్టుకొని కూచున్నావు. ఎట్ల దాచుకున్నావు అక్కా?”

 ఆమె కొడితే కొట్టించుకునేదాన్ని. కొట్టలేదు. ముక్కు తుడుచుకుని నాకంటే ముందు నడిచింది.

ప్రొద్దుటూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. ఇద్దరం ఎక్కి కూర్చున్నాం. కండక్టరు జగన్నాథం ప్రభాకర్ జతగాడే, మా ఇంట్లో ఎన్నోసార్లు అన్నం తిన్నాడు. ఊరు దాటాక నవ్వుతూ దగ్గరికి వచ్చాడు.

“ఏం వదినా, ఈ ఎండలో ప్రయాణం పెట్టుకున్నావు?”

“రెండు ప్రొద్దుటూరు,” అన్నాను.

టికెట్టు చించబోయిన చెయ్యి ఆగింది. ఆయన నా తల మీదుగా బస్సు వెనక అద్దంలోంచి రోడ్డు చూస్తున్నాడు. ముఖంలో నవ్వు పోయింది. నేను తిరిగి చూడలేదు, జీపు హారను మాత్రం వినబడింది. రెండుసార్లు, తొందరలేకుండా.

“దిగిపో వదినా,” అన్నాడు జగన్నాథం, పెదాలు కదలకుండా. “బ్రిడ్జి కాడ ఆపిస్తా. చెరుకు తోటల్లో పడి పోండి ఇద్దరూ. ముద్దనూరు దాటేదాకా ఈ దావలో ఆదుకునేటోళ్ళు ఎవరూ ఉండరు.”

మాబున్ని నా చెయ్యి పట్టుకుంది.  ఆమె దిగుదామంటుందని చూశాను. అనలేదు.

“టికెట్టు ఇయ్యప్పా,” అన్నాను.